శరీరావయవాలతో కూడిన ఆంగ్ల జాతీయాలు

ఆంగ్ల భాషలో కన్ను, చెవి, చెయ్యి, కాలు, గుండె మొదలైన అవయవాల పేర్లు చేరి, విడివిడి పదాల అర్థాన్ని కాక వేరొక అర్థాన్నిచ్చే పదబంధాలు అనేకం ఉన్నాయి. వీటిని శరీరావయవ జాతీయాలు అనవచ్చును. తెలుగులో జాతీయాన్ని పలుకుబడి, నుడికారం అని కూడా వ్యవహరిస్తారు. తెలుగులోను ఇవే అవయవాలతో జాతీయాలు విస్తారంగా ఉండుటవలన తెలుగు పాఠకుడు ఆంగ్ల జాతీయాన్ని కొన్నిచోట్ల సులభంగా గ్రహిస్తాడు, మరికొన్నిచోట్ల పూర్తిగా పొరబడతాడు.

కన్ను, చెవి

మిక్కిలి ప్రీతిపాత్రమైన వ్యక్తిని "ది ఆపిల్ ఆఫ్ వన్స్ ఐ" అంటారు. ఇక్కడ ఆపిల్ అంటే పండు కాదు. గుండ్రని వస్తువుగా భావించి కనుపాపకు పూర్వం ఆంగ్లంలో ఆ పేరు వాడేవారు. బైబిలు ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయం 10వ వచనపు ఆంగ్లానువాదంలో ఈ పదబంధం ఉంది. అక్కడి మూల హీబ్రూ పదానికి కంటిలోని "చిన్న మనిషి" అని అర్థం చెబుతారు. ఎదుటివాని కంటిలో కనిపించే తన చిన్న ప్రతిబింబమే ఈ పేరుకు కారణం. లాటిన్‌లో కనుపాపను తెలిపే "ప్యూపిల్లా" అనే మాటకు చిన్న బాలిక అని అర్థం. తెలుగు "కంటిపాప"లోని పాప కూడా శిశువే. కాబట్టి ఈ జాతీయానికి తెలుగులో కొత్తగా మాట కల్పించవలసిన పని లేదు.

"టర్న్ ఎ బ్లైండ్ ఐ" అంటే చూసీ చూడనట్లు ఊరుకొనుట. 1801లో కోపెన్‌హేగెన్ నౌకాయుద్ధంలో వెనుకకు మరలమని పై అధికారి జెండాలతో సంకేతమివ్వగా, నెల్సన్ చూపులేని తన కుడికంటికి దూరదర్శిని పెట్టుకొని సంకేతం కనబడలేదన్నాడని ప్రసిద్ధమైన కథ. దీనికి జోడైన "టర్న్ ఎ డెఫ్ ఇయర్"కు "పెడచెవిని పెట్టు" అనేది చక్కగా సరిపోతుంది. "సీ ఐ టు ఐ" అంటే ఏకాభిప్రాయం కలిగి ఉండుట. ఇది ఎక్కువగా వ్యతిరేకార్థక వాక్యాలలో వస్తుంది. ప్రతీకారాన్ని తెలిపే "కంటికి కన్ను"తో దీనికి సంబంధం లేదు.

చెయ్యి, కాలు

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. "గివ్ ఎ హ్యాండ్" అంటే సాయపడుట. సభలో ఐతే చప్పట్లు కొట్టుట. తెలుగులో "చెయ్యిచ్చాడు" అంటే నమ్మించి చివరి క్షణంలో మోసగించాడని అర్థం. మాటకు మాట పెట్టి అనువదిస్తే కథలో ఆదుకున్న పొరుగువాడు మోసగాడైపోతాడు. "చేయూతనిచ్చాడు" అనడం సరైనది.

"పుల్ సమ్‌వన్స్ లెగ్" అంటే సరదాకు ఆటపట్టించుట. తెలుగులో కాలు పట్టి లాగడం పైకి వచ్చేవాణ్ణి అడ్డుకొనుటకు చెబుతారు. స్నేహితుని పరిహాసం ఈ అనువాదంలో శత్రుత్వమౌతుంది.

పూనుకొన్న పనికి చివరి ఘడియలో జంకడాన్ని "కోల్డ్ ఫీట్" అంటారు. దుర్వార్త విన్నప్పుడు కాళ్ళూ చేతులూ చల్లబడటం వేరు. దీనికి "వెనుకంజ వేయు" అనేది తగిన మాట. అంజ అంటే అడుగు గనుక పాదం కూడా అందులోనే ఉంది.

"బ్రేక్ ఎ లెగ్" అనేది వినడానికి శాపనార్థంలా ఉన్నా, రంగస్థలం ఎక్కబోయే నటునికి చెప్పే శుభాకాంక్ష. శుభం నేరుగా పలికితే కీడు జరుగుతుందనే నమ్మకం దీనికి మూలమని సాధారణంగా చెబుతారు.

గుండె, కడుపు

పాఠాన్ని ఆంగ్లేయుడు గుండెతో నేర్చుకుంటాడు ("లెర్న్ బై హార్ట్"). తెలుగువాడు కంఠస్థం చేస్తాడు, లేదా అది అతనికి నోటికి వస్తుంది. కడుపుతీపి, కడుపుకోత, కడుపుమంట అని ప్రేమను, దుఃఖాన్ని, కోపాన్ని తెలుగు కడుపులో ఉంచింది. ఆంగ్లంలో కడుపుకు ఇంత విస్తృతి లేదు. "బటర్‌ఫ్లైస్ ఇన్ ది స్టమక్" అంటే పరీక్షకో వేదికకో ముందు కలిగే ఆందోళన మాత్రమే. కోపాన్ని వెళ్ళగక్కడాన్ని తెలిపే "వెంట్ వన్స్ స్ప్లీన్"లో ప్లీహం కనిపించడానికి కారణం, స్వభావాన్ని దేహద్రవాలతో ముడిపెట్టిన పాత ఐరోపా వైద్యం.

అనువాదం ద్వారా వచ్చినవి

మాటకు మాట అనువాదం అన్నిచోట్లా విఫలమౌతుందని చెప్పలేము. వెంట్రుకవాసిలో తప్పించుకొనుటను తెలిపే "బై ది స్కిన్ ఆఫ్ వన్స్ టీత్" యోబు గ్రంథం 19వ అధ్యాయం 20వ వచనంలోని హీబ్రూ మాటలకు యథాతథ అనువాదం. 1560 నాటి జెనీవా బైబిలులో ఇది కనిపిస్తుంది. పళ్ళకు చర్మం లేకపోయినా జాతీయం నిలిచింది. "చావు తప్పి కన్ను లొట్టపోయినట్లు" అనేది దీనికి దగ్గరిదే గాని, అందులో ఎంతోకొంత నష్టం కూడా ఉంది.

ప్రయోగం

ఈ జాతీయాలలో పదాలను, వచనాన్ని ఇష్టానుసారం మార్చరాదు. "కోల్డ్ ఫీట్" బహువచనంలోనే వస్తుంది. విపరీతమైన ధరను తెలిపే "ఆన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్"లో కాలును ముందుకు తేరాదు. చేతిపనిలో నేర్పులేనివానిని అమెరికాలో "ఆల్ థంబ్స్" అంటే, బ్రిటన్‌లో "ఆల్ ఫింగర్స్ అండ్ థంబ్స్" అంటారు. హెచ్చు ధర చెల్లించుటను తెలిపే "పే త్రూ ది నోస్" వంటివి సంభాషణకు తగినవే గాని, కార్యాలయపు ఉత్తరాలలో శోభించవు.