హెచ్‌-1బీ తర్వాత నిరీక్షణ ఎందుకంత సుదీర్ఘం?

అమెరికాలో విదేశీ నిపుణులకిచ్చే హెచ్‌-1బీ వీసా గడువు మూడేళ్లు, పొడిగింపుతో ఆరేళ్లు. ఉద్యోగానికి సంబంధించిన రంగంలో కనీసం బ్యాచిలర్‌ డిగ్రీ లేదా తత్సమాన అర్హత తప్పనిసరి. దరఖాస్తు చేయాల్సింది అభ్యర్థి కాదు, ఉద్యోగమిచ్చే సంస్థ.

అసలు నిరీక్షణ గ్రీన్‌కార్డు దగ్గర మొదలవుతుంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. జీవిత భాగస్వాములు, పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరు. భారత్‌కైనా, ఐస్‌లాండ్‌కైనా అదే పరిమితి. అందుకే ఈబీ-2, ఈబీ-3 విభాగాల్లో భారతీయుల నిరీక్షణ దశాబ్దం దాటింది. ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, జన్మించిన దేశం. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు కోటాను వినియోగించుకోవచ్చు. ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు.

వరుసలో స్థానాన్ని ‘ప్రాధాన్య తేదీ’ నిర్ణయిస్తుంది. ఏ తేదీ వరకు వంతు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది. ఐ-140 ఆమోదం పొంది వంతుకోసం ఎదురుచూస్తున్న ఉద్యోగి, ఆరేళ్లు నిండాక కూడా హెచ్‌-1బీని మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు.

పిల్లలకు ఆ అవకాశం లేదు. భారత్‌లో పుట్టి తల్లిదండ్రుల వెంట వెళ్లినవారు 21 ఏళ్లు నిండగానే హెచ్‌-4 హోదా కోల్పోతారు. విద్యార్థి వీసా వంటి మరో హోదాకు మారాలి, లేదా దేశం విడవాలి.