బెబ్బులి, బొబ్బిలి, ఒక చిన్న గీత

మా ఊరి పేరులోనే ఒక సమాసం దాగి ఉంది. బొబ్బిలి సంస్థానపు మూలపురుషులు 17వ శతాబ్దంలో తమకు ఆశ్రయమిచ్చిన శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మదు ఖాను మీది కృతజ్ఞతతో, ‘షేర్’ అంటే పులి కనుక, తమ కోటకు ‘పెద్దపులి’ అని పేరు పెట్టుకున్నారనీ, అదే పెబ్బులి, బెబ్బులి అయి చివరకు బొబ్బిలిగా నిలిచిందనీ స్థలచరిత్ర చెబుతుంది. రెండు మాటలు దగ్గరికి వచ్చాయి. అక్షరాలు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మధ్య గీత గీయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఆ గీత అవసరం నాకు మొదటిసారి తెలిసింది కూడా పులి వల్లనే. బడిలో ఇంగ్లీషు మాస్టారు మా ఊరి గురించి పది వాక్యాలు రాయమన్నారు. ఒకప్పుడు ఈ అడవుల్లో మనుషుల్ని తినే పులి ఉండేదని చెప్పబోయి, ‘మ్యాన్ ఈటింగ్ టైగర్’ అని మూడు మాటలు విడివిడిగా రాశాను. మాస్టారు పుస్తకం ఎత్తి తరగతి అంతటికీ చూపించారు.

“ఏటిరా అబ్బాయ్, మన బొబ్బిల్లో మనుషులు పులుల్ని తినీసినారేటి?”

తరగతి ఘొల్లుమంది. ఆయన ఎర్ర సిరాతో మొదటి రెండు మాటల మధ్య ఒక చిన్న అడ్డగీత పెట్టారు. అంతే, పులిని తింటున్న మనిషి మాయమై, మనిషిని తినే పులి మళ్ళీ అడవిలోకి వచ్చింది. నాకు ఆనాడు కలిగిన సిగ్గు ఎప్పుడో పోయింది కాని, ఆ గీత మీది ఆసక్తి మాత్రం పోలేదు.

‘హైఫన్’ అన్నది గ్రీకు మాట. ‘ఒకటిగా’ అని దాని భావం. మాటల మధ్య ఎడం లేకుండా రాసుకునే ఆ కాలంలో, ఈ అక్షరాలన్నీ కలిపి ఒకే మాటగా చదవాలని సూచించడానికి గ్రీకు వైయాకరణులు అక్షరాల కింద విల్లులాంటి గీత గీసేవారు. 1450ల నాటికి గూటెన్‌బర్గ్ తన బైబిలు అచ్చులో పంక్తి చివర విరిగిన మాటలకు ఈ చిహ్నాన్నే ధారాళంగా వాడుకున్నాడు. తరవాత ఇంగ్లీషువారు దాన్ని ఎంత ముద్దు చేశారో అంత విసుక్కున్నారు కూడా. 2007లో వచ్చిన షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరవ ముద్రణలో సుమారు 16,000 మాటల నుంచి హైఫన్‌ను తొలగించారు. ‘ఐస్-క్రీమ్’ రెండు మాటలుగా విడిపోయింది. ‘బంబుల్-బీ’ ఒకే మాటగా కలిసిపోయింది. అయినా నామవాచకానికి ముందు నిలిచే జంట విశేషణం దగ్గర మాత్రం హైఫన్‌కు ఇప్పటికీ పని ఉంది.

ఆ పని తీరు మా గొల్లపల్లి వీణతో చెబితే సులువుగా బోధపడుతుంది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో వడ్రంగులు ఒకే పనసదుంగను తొలిచి వీణ చేస్తారు. కుండ, దండి వేరువేరుగా చేసి అతికించరు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. ఇంగ్లీషులో అది ‘సింగిల్-వుడ్ వీణ’. గీత తీసేస్తే కర్రతో చేసిన వీణ ఒకటి ఉంది అనే అర్థానికీ చోటు దొరుకుతుంది; పనివాడి ప్రతిభ అంతా ఆ ఖాళీలోంచి జారిపోతుంది. ‘టూ-హండ్రెడ్-ఇయర్-ఓల్డ్ వీణాస్’ అంటే రెండువందల ఏళ్ళ నాటి వీణలు. ‘టూ’ తరవాతి గీతను తీసేయండి, నూరేళ్ళ నాటి వీణలు రెండే మిగులుతాయి! విశేషణం నామవాచకం వెనక్కి వెళితే సాధారణంగా గీత అక్కరలేదు: ‘వెల్-నోన్ ఫోర్ట్’ అంటాం కాని, ‘ద ఫోర్ట్ ఈజ్ వెల్ నోన్’ అన్నప్పుడు గీత పెట్టం. ‘న్యూలీ బిల్ట్ ఫోర్ట్’ వంటి చోట ఆ ‘లీ’ ప్రత్యయమే తరవాతి మాటను పట్టుకుని ఉంటుంది కనుక అక్కడా గీత వద్దు.

మరి తెలుగుకు ఈ బాధ ఎందుకు లేదు? ‘మనిషిని తినే పులి’ అన్నప్పుడు ఆ ‘ని’ ఒక్కటే చాలు, ఎవరు ఎవరిని తింటున్నారో చెప్పడానికి. ఇంగ్లీషులో హైఫన్ చేసే పనిని మన విభక్తి చేస్తున్నది. కాని సమాసం చేసినప్పుడు విభక్తి లోపిస్తుంది. అప్పుడు మనకూ చిక్కే. పతంజలి మహాభాష్యంలో ప్రస్తావించిన ‘ఇంద్రశత్రు’ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో త్వష్ట హోమం చేశాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టి పెరగాలని ఆయన కోరిక. ఉచ్చారణలో స్వరం ఒక అక్షరం మీద పడవలసింది మరో అక్షరం మీద పడింది. తత్పురుష కావలసింది బహువ్రీహి అయింది. ‘ఇంద్రుడే ఎవరిని చంపుతాడో వాడు’ పుట్టాడు. వృత్రుడి చావు వాడి పుట్టుకలోనే, ఒక సమాసంలో రాసిపెట్టి ఉంది. అక్షరాలు అవే, చంపేవాడూ చచ్చేవాడూ తారుమారయ్యారు.

ఇదంతా వ్యాకరణ వినోదమేనని నేను చాలాకాలం అనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం అమెరికాలో ఉన్న మా మనవరాలు బడిలో చెప్పడానికి బొబ్బిలి యుద్ధం గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసివ్వమంది. రాశాను. ‘ద ఫ్రెంచ్ లెడ్ విజయనగరం ఆర్మీ అటాక్డ్ బొబ్బిలి ఫోర్ట్’ అన్నది అందులో ఒక వాక్యం. మర్నాడు ఫోను.

“తాతయ్యా, ఫ్రెంచివాళ్ళు విజయనగరం వాళ్ళను నడిపించారా? విజయనగరం వాళ్ళే ఫ్రెంచివాళ్ళను తీసుకొచ్చారా? అసలు తప్పు ఎవరిది?”

మాస్టారి ఎర్రసిరా కళ్ళకు కట్టింది. ‘ఫ్రెంచ్’కూ ‘లెడ్’కూ మధ్య గీత మరిచాను. గీత లేకపోతే, ఫ్రెంచివారు విజయనగరం సైన్యాన్ని నడిపారు అని వాక్యం అక్కడితోనే పూర్తయినట్టు తోస్తుంది. ఆ తరవాత వచ్చే ‘అటాక్డ్’ దగ్గర చదువరి తొట్రుపడతాడు. గీత పెడితే వాక్యం సరిపడుతుంది. చరిత్ర సరిపడుతుందా?

1757 జనవరి 24న కోటను బద్దలుకొట్టిన ఫిరంగులు బుస్సీవి. వాటిని బొబ్బిలి మీదికి తిప్పించిన పగ విజయనగర ప్రభువు విజయరామరాజుది. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ తన గ్రంథంలో ఈ యుద్ధాన్ని వివరంగా రాస్తూ ఇద్దరినీ చూపించాడు. కోట నిలవదని తెలిశాక లోపల ఆడవారినీ పిల్లలనూ తమవారే హతమార్చారు. తరవాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శిబిరంలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. అతని కత్తి వెతుక్కుంటూ వెళ్ళింది బుస్సీ గుడారానికి కాదని గమనించండి. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు పాపారాయుడు చెప్పిన జవాబు అది.

‘ఫ్రెంచ్-లెడ్’ అని మాత్రమే రాస్తే ఆ పగ కనబడదు. ‘విజయనగరం-ఇన్‌స్టిగేటెడ్’ అని మాత్రమే రాస్తే ఆ ఫిరంగులు కనబడవు. కనుక మనవరాలికి వాక్యం మార్చి, ‘విజయనగరం-ఇన్‌స్టిగేటెడ్, ఫ్రెంచ్-లెడ్ అటాక్’ అని రెండు గీతలతో రాసి పంపాను. విజయనగరం ఉసిగొల్పిన, ఫ్రెంచివారు నడిపించిన దాడి. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “అయితే ఇద్దరిదీనా?” అంది. ఔనన్నాను.

హైఫన్ కలిపే గీత అని అందరూ అంటారు. నిజమే. కాని ఏ పనిని ఏ చేతితో కలుపుతున్నామో చూసుకుని గీయాలి. బొబ్బిలిలో యుద్ధ స్మారక స్తంభం దగ్గర నిలబడినప్పుడల్లా నాకు అది ఇప్పుడు జ్ఞాపకం వస్తుంది.