పట్టా మీద ఎవరి పేరు?

ఇల్లాలు అన్న మాటలోనే ఇల్లుంది. కాని ఆ ఇంటి కాగితం మీద ఇల్లాలి పేరు ఎక్కడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఎప్పుడైనా ఆలోచించారా? సత్తుపల్లి చరిత్రను ఒక్కసారి ఆ కాగితం వైపు నుంచి చూద్దాం.

ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం వచ్చి అందులో కలిసింది. అడవికీ, కోస్తా మాగాణులకూ నడుమ ఉన్న ఊరు సత్తుపల్లి. కోస్తా నుంచి రైతు కుటుంబాలు తరలి వచ్చాయి. తర్వాత చుట్టుపక్కల పామాయిలు తోటలు వెలిశాయి. ఆ పైన సింగరేణి వారి ఓపెన్‌కాస్టు బొగ్గు గని వచ్చింది. 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా చేసిన, ఈ ప్రాంతం వారే అయిన జలగం వెంగళరావు గారి పేరే దానికి పెట్టారు. పక్కనున్న ఏజెన్సీ గ్రామాల్లో 1970 నాటి చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. అది గిరిజనులకు రక్షణ. మరి బయటినుంచి వచ్చినవారి చూపు సత్తుపల్లి స్థలాల మీద పడడం సహజమే కదా!

ఇక ఇళ్ళ సంగతి. బీదల ఇళ్ళ కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో పుట్టింది. 1985 నుంచి అమలయ్యేలా మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ వాటా ఇచ్చారు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో! 2006 నాటి ఇందిరమ్మ ఇళ్ళు ఆడవారి పేరనే ఇచ్చారు. తెలంగాణ వచ్చాక 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళూ అంతే. 2024 మార్చిలో భద్రాచలంలోనే ప్రారంభించిన కొత్త ఇందిరమ్మ పథకంలో 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇస్తారు. అదీ ఆడవారి పేరనే. తాగి వచ్చిన మగడు "నా ఇంట్లోంచి పో" అంటే, "ఇల్లు నాది" అనగలగడం చిన్న విషయమా చెప్పండి?

అయితే ఒక చిక్కుంది. ఆ 5 లక్షలు ముందుగా ఎవరికి? సొంత స్థలం ఉన్నవారికి. మరి గనిలో కాంట్రాక్టు పనికి వచ్చినవాడి భార్యకు స్థలం ఎక్కడిది? తోటల్లో గెలలు మోసే కుటుంబానికి ఎక్కడిది? అద్దె గదిలో వంట చేసుకునే ఆమె కూడా సబ్బు కొన్నా తన వంతు పన్ను కడుతూనే ఉంది కదమ్మా!

అమెరికాలో 1986లో ఒక చట్టం చేశారు. తక్కువ అద్దెకు ఇళ్ళు కట్టించి ఇచ్చేవారికి ప్రభుత్వం ఆదాయపు పన్నులో కొంత వదులుకుంటుంది. అంటే అదీ ప్రజల సొమ్మే, దారి మాత్రం వేరు. అందులోనూ లోటుంది. గడువు తీరాక అద్దె పెరగవచ్చు, ఇల్లు సాధారణంగా ఆమెది కాదు. కాని ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి స్థలం లేకపోయినా నీడ దొరుకుతుంది.

మనం సాధించుకున్న పట్టాను వదులుకోమని కాదు నేననేది. వలస వచ్చినవారితో పెరిగిన ఊళ్ళో, ఇళ్ళ పథకం పాతుకుపోయినవారికే సరిపోతే ఎలా? పట్టాతో పాటు తక్కువ అద్దె ఇల్లు కూడా కావాలి. వార్డు సభలో ఇళ్ళ జాబితా చదివేటప్పుడు మీ పేరు ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత, మీ పక్క గదిలో అద్దెకున్నామె పేరు ఎందుకు లేదో కూడా అడగండి.