బీడుకు అద్దె

సొంత నేలను కాపాడుకున్నందుకు రైతుకు సర్కారే ఎదురు డబ్బివ్వాలన్న ఆలోచన అమెరికాలో దుమ్ము తుఫానుల్లో బలపడింది. అంతకుముందు 1924 నాటి క్లార్క్-మెక్‌నరీ చట్టం కింద అడవి మంటలు అదుపు చేయడానికి రాష్ట్రాలకు సాయం, రైతులకు చెట్ల మొక్కలు అందేవి. 1930ల కరువులో మైదానాల మట్టి గాలికి లేచి వాషింగ్టన్ మీద కూడా పడింది. నేల కోత గురించి ఏళ్లుగా మొత్తుకుంటున్న హ్యూ బెన్నెట్ మాట అప్పుడు చెవికెక్కింది. 1935 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది, దాంతో పుట్టిన నేల సంరక్షణ సంస్థకు ఆయనే అధిపతి అయ్యాడు.

1936 జనవరిలో సుప్రీంకోర్టు పంట తగ్గించి ధర నిలిపేందుకు తెచ్చిన రైతు రాయితీల చట్టాన్ని కొట్టేసింది. వారాలు తిరక్కుండానే అదే సొమ్ము నేల సంరక్షణ పేరుతో మళ్లీ వచ్చింది: పత్తి, గోధుమ తగ్గించి పచ్చిరొట్ట, గడ్డి వేస్తే చెల్లింపు. మట్టిని నిలపడం, ధరను నిలపడం అప్పటి నుంచీ విడదీయరాని జంట. ఏది అసలు ఉద్దేశమో చట్టం చేసినవాళ్లకే తెలియాలి.

1956లో గిడ్డంగులు నిండిపోయి 'సాయిల్ బ్యాంక్' వచ్చింది. చేను బీడు పెడితే అద్దె. దక్షిణాది పాత పత్తి చేలల్లో దాదాపు 20 లక్షల ఎకరాల్లో పైన్ నాటారు. 1972లో సోవియట్ యూనియన్ భారీగా ధాన్యం కొనడంతో ధరలు ఎగిశాయి. కంచె నుంచి కంచె దాకా విత్తండన్నాడు వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్. గడ్డి నేలలు ట్రాక్టర్ల కిందికి వెళ్లాయి. పైన్ తోటలు మాత్రం చాలావరకు నిలిచాయి. ఎదిగే చెట్టును మధ్యలో కొట్టేస్తే నష్టం యజమానికే.

1985 చట్టం 10 నుంచి 15 ఏళ్ల ఒప్పందంతో బీడుకు మళ్లీ అద్దె ఇచ్చింది. 2007 నాటికి ఆ భూమి 3.6 కోట్ల ఎకరాలు దాటింది. ఇథనాల్ గిరాకీతో మొక్కజొన్న ధర పెరగగానే గడువు తీరిన పొలాలు మళ్లీ దున్నకానికి వచ్చాయి. 2014లో పరిమితినే 2.4 కోట్లకు కుదించారు. ఇక బీడు పెట్టకుండా సాగులోనే ఉన్న భూమికి సంరక్షణ ఖర్చులో వాటా ఇచ్చే ఇప్పటి పథకం 1996లో మొదలైంది.

అద్దె కన్నా 1985 నాటి షరతే గట్టిదని నా అభిప్రాయం: కోతకు గురయ్యే నేలను జాగ్రత్త లేకుండా దున్నితే, చిత్తడి నేలను ఎండగట్టి పంట వేస్తే రాయితీలు బంద్. ఖజానాకు ఖర్చు తక్కువ, ధర పెరిగినా గడువు తీరదు. ఆ షరతు నుంచి పంట బీమా రాయితీని 1996లో తప్పించారు. తిరిగి కలపడానికి 2014 దాకా పట్టింది.