వల్ద్ తర్వాతి పేరు

తుమ్మచెట్టు నీడలో గొంగడి పరుచుకొని పట్వారీ కూచున్నాడు. ఒళ్లో దఫ్తరం, పక్కన సిరాబుడ్డి. గిర్దావరు గట్టు మీద నిలబడి ఆముదం చేనంతా ఒకసారి కలియజూశాడు. మస్కూరి కేకేస్తే మా ముత్తాత గుంటుక ఆపి వచ్చి, రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఈ చెల్క ఎవరు దున్నుతున్నరు?"

"నేనే దొరా."

"ఎన్నేండ్ల సంది?"

"మా నాయిన కాలం సంది."

"నీ నాయిన పేరేంది?"

ముత్తాత చెప్పాడు. పట్వారీ కలం కుడి నుంచి ఎడమకు కదిలింది.

ఇది 1954–55 నాటి ముచ్చట. ఫస్లీ లెక్కలో 1364. నేను చూసింది కాదు, మా అవ్వ చూసింది. అప్పటికామె పద్నాలుగేళ్ల కొత్త కోడలు. సద్దిగిన్న నెత్తిన పెట్టుకొని వచ్చి, మామ ముందు పెద్దమనుషులు కనబడేసరికి కంది మొక్కల వెనక ఆగిపోయింది. ఆమె చెప్పిన మేరకే ఇక్కడ రాస్తున్నాను.

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద పోయేవాళ్లకు మాడుగులపల్లి అంటే టోల్‌గేటు. 2016 అక్టోబరులో మండలమైంది. మా చెల్క ఆ చుట్టుపక్కలే. ఏటా పెత్రమాస నాడు నాన్న పెద్దల పేరున బియ్యం ఇచ్చేవాడు. తండ్రి పేరు చెప్పి ఒక పిడికిలి, తాత పేరు చెప్పి ఒక పిడికిలి. మూడో పిడికిలి దగ్గర ఆగేవాడు. బియ్యం చేతిలోనే ఉండేవి. కాసేపటికి "ముత్తాత" అని మాత్రం అని పోసేవాడు. పోయినేడు నాన్న పోయాడు. ఈసారి బియ్యం నేనిచ్చాను. నేను చెప్పాల్సిన ముగ్గురి పేర్లూ నాకు తెలుసు. కానీ నాన్న ఆగిన ఆ చోటే నన్ను వదల్లేదు.

కలిగిన కాపుల ఇళ్లకు ఈ బాధ ఉండేది కాదు. పిచ్చిగుంట్ల వాళ్లు వచ్చి గోత్రం, ఇంటిపేరు, తరాలు వరసగా చెప్పి కట్నం పట్టుకుపోయేవారు. ఆ కులాన్నే ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. మా ఇంటి ముందర ఎవరూ ఆగి అట్లా చెప్పింది లేదు. మాకు మిగిలింది సర్కారు కాగితమే.

అట్లా కాస్రా దగ్గరికి, అంటే ఆనాడు తుమ్మచెట్టు కింద పట్వారీ రాసిన భూమి లెక్క దగ్గరికి వచ్చాను. తెలంగాణ పల్లెల్లో కాస్రా పహాణి అంటే తెలియని రైతు ఉండడు. భూమి తగాదా ఏదైనా చివరికి "కాస్రాలో ఏముంది?" అన్న మాట దగ్గరికే వస్తుంది. ఎందుకంటే 1954–55లో గిర్దావరు ఊరికే చేన్ల మీదికి రాలేదు. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ జిల్లా భూమి కోసం కొట్లాడింది. సూర్యాపేట వైపు జన్నారెడ్డి దేశ్‌ముఖ్ కుటుంబం కింద 1,50,000 ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. గడీల్లో అప్పుపత్రాలు, దస్త్రాలు తగలబడ్డాయి. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయినాయి, 1950లో కౌలుదార్ల చట్టం వచ్చింది. ఇక పట్టా ఎవరిది, నాగలి ఎవరిది అని గడి గడికీ విడదీసి రాయాల్సి వచ్చింది.

కాస్రా నకలు చేతికందిన రోజు ఆ కాగితం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా సర్వే నెంబరు ఉర్దూలో ఉంది. మిర్యాలగూడలో ఉర్దూ చెప్పి రిటైరైన ఒక సారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన భూతద్దం పెట్టి, వేలితో గడులు దాటుతూ చదివారు. జమీన్ ఖుష్కి. అంటే మెట్ట. సాగర్ నీళ్లు 1967లో వదిలారు, అప్పటికింకా పదమూడేళ్లున్నాయి. విస్తీర్ణం ఎకరాలు, గుంటలు. పట్టాదారు గడిలో దొర పేరు. కబ్జాదారు గడిలో మా ముత్తాత పేరు. దాని వెంటనే ఒక చిన్న మాట: వల్ద్.

"ఫలానా వారి కొడుకు అని" అన్నారు సారు. "ఇగో, తర్వాత ఆయన తండ్రి పేరు."

నా గుండె దడదడలాడింది. అయితే సారు అక్కడే ఆగారు. ఉర్దూలో హ్రస్వాలు రాయరు. లింగయ్య అన్నా లంగయ్య అన్నా అవే అక్షరాలు. మన ణ, ళ దానిలో లేనే లేవు. పైగా రాసేవాడు తొందరలో చుక్కలు ఎగ్గొట్టాడు. "రెండు రకాలుగా చదవొచ్చు. ఏది నిజమో మీ ఇంటోళ్లే చెప్పాలె" అన్నారు.

మా ముత్తవ్వ పేరు కోసం కూడా కాగితమంతా వెతికించాను. లేదు. భూమి తమ పేరున ఉన్న ఆడవాళ్లనైనా ‘జౌజె’ అని మొగుడి పేరు పక్కనే రాసేవారట. మాకు ఆపాటి కూడా లేదు.

పన్ను కోసమో జీతం కోసమో పాలకులు రాయించిన కాగితాలే చాలామందికి వంశవృక్షాలు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఔరంగజేబు కాలపు అర్జ్-ఓ-చెహ్రా పత్రాలున్నాయి. ఒక్కొక్క సిపాయి పేరు, తండ్రి పేరు, ముఖం మీది మచ్చలతో సహా. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలీలుగా ఓడెక్కిన 1,52,184 మందికి కూడా ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చ రాశారు. ఆ ఒక్క వరస పట్టుకొని వాళ్ల మునిమనవళ్లు ఇప్పటికీ తెలుగు పల్లెలు వెతుక్కుంటూ వస్తున్నారు. వాళ్ల ఆత్రం నాకు ఆ రోజు తెలిసింది.

సాయంత్రం అవ్వ మంచం పక్కన కూచొని కాగితం విప్పాను. ఎనభై అయిదేళ్లు. చూపు మందగించింది, చెవులు మాత్రం పాము చెవులు. తుమ్మచెట్టు ముచ్చట అప్పుడే మొదటిసారి చెప్పింది.

"అయితే పేరు నువ్విన్నవా అవ్వా?"

"ఇనకేం."

"ఏందది?"

అవ్వ మాట్లాడలేదు. సారు చదివిన రెండు పేర్లలో మొదటిది అన్నాను. తల అడ్డంగా ఊపింది. రెండోది అన్నాను. ఆమె చెయ్యి మెల్లగా లేచి, జారిన కొంగును నెత్తి మీదికి లాక్కుంది.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. డెబ్బై ఏళ్లు ఆమె నోట రానివ్వని పేరును, ఆమె కళ్లముందే నేను అచ్చులో పెట్టలేను.

"మరి నాన్నకెందుకు చెప్పలేదు? ఏటా పెత్రమాసకు ఆగిపోతుండె కదా!"

"వాడు నన్నడగలే. అడిగినా ఎట్ల చెప్త బిడ్డా? మామ తండ్రి పేరు కోడలు పలుకుతదా?" అని కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. "మీ నాయినకు పెట్టింది గా పేరే. మీ తాత పెట్టిండు. నేను పలకరాదని పెద్దయ్యా అని పిలిచిన. ఇంట్ల అందరికీ గదే అలవాటైంది. బడిల ఏసిననాడు మీ తాత ఊర్ల లేడు. సారు పేరేందని అడిగె. నేను నోరు తెరవలే. ఆయనకు తోచింది ఆయన రాసుకున్నడు."