హాకీ మైదాన్ నుంచి పార్లమెంట్ దాకా: అస్లం షేర్ ఖాన్ కహానీ



ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మా అనకాపల్లిలో మన నౌజవాన్ల నోట ఒకటే మాట. "భాయీజాన్, ఈ ఊళ్ళో మనవాళ్ళ ఓట్లెన్ని? మనలో ఒకడు నిలబడితే ఎవరు గెలిపిస్తారు?" ఈ సవాలుకు నసీహత్‌తో జవాబు చెప్పాలని నాకు లేదు. మన దేశ తారీఖ్‌లోంచి ఒక హాకీ ఆటగాడి కహానీ చెబుతాను. జవాబు మీకే దొరుకుతుంది.

ఆయన పేరు అస్లం షేర్ ఖాన్. వతన్ భోపాల్. నవాబుల కాలం నుంచీ హాకీకి పేరుపడ్డ షహర్ అది. ఆయన వాలిద్ అహ్మద్ షేర్ ఖాన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ధ్యాన్‌చంద్ కెప్టెన్సీలో ఆడి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఒకరు. అంటే ఆట ఆయనకు విరాసత్‌లో వచ్చింది.

1975 మార్చి. కౌలాలంపూర్‌లో ప్రపంచకప్. సెమీఫైనల్లో మన జట్టు ఎదుట మలేషియా. స్టేడియం నిండా వాళ్ళ జనమే. ఆట ముగియడానికి ఇంకో ఐదు నిమిషాలుందనగా మలేషియా 2-1తో ముందుంది. అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న కుర్రవాణ్ణి మైకేల్ కిండో స్థానంలో లోపలికి పంపారు. అతనే అస్లం. వయసు ఇరవై రెండు కూడా నిండలేదు. పెనాల్టీ కార్నర్ దొరికింది. మెడలోని తావీజును ముద్దు పెట్టుకుని అస్లం బంతి కొట్టాడు. గోల్! స్కోరు 2-2. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ ఇంకో గోల్ వేస్తే మనం ఫైనల్‌కు చేరాం.

తావీజు జాయెజా, నాజాయెజా అనే బహస్ ఉలమాలకు వదిలేద్దాం. అది వేరే మజ్మూన్. నాకు ముఖ్యమైనది ఆ పెనాల్టీ కార్నర్. అది ఒక్కడి పని కాదు. గీత దగ్గర నుంచి ఒకడు బంతిని లోపలికి నెట్టాలి, ఇంకొకడు దాన్ని ఆపాలి, మూడోవాడు కొట్టాలి. పత్రికల్లో మాత్రం కొట్టినవాడి పేరే పడుతుంది. ఈ సంగతి కాస్త యాద్ పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మార్చి 15న ఫైనల్. ఎదుట పాకిస్తాన్. మొదటి గోల్ వాళ్ళదే. సుర్జీత్ సింగ్ స్కోరు సమం చేశాడు, అశోక్ కుమార్ గెలుపు గోల్ వేశాడు. ఈ అశోక్ కుమార్ ఎవరనుకున్నారు? ధ్యాన్‌చంద్ కొడుకు! 1936లో కలిసి ఆడిన ఇద్దరి బేటాలు 1975లో మళ్ళీ ఒకే జట్టులో. కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్, మేనేజర్ బల్బీర్ సింగ్ సీనియర్. సిక్కు, హిందువు, ముసల్మాన్, ఆదివాసీ క్రైస్తవుడు అందరూ కలిసి తెచ్చిన కప్ అది. 2023 దాకా జరిగిన పురుషుల హాకీ ప్రపంచకప్‌లలో మనం గెలిచింది ఆ ఒక్కటే.

మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. ఆ జట్టులోనూ అస్లం ఉన్నాడు. అంత పైకెత్తిన మైదానం ఏడాదిలోనే అంత కిందికి దించింది.

ఇక సియాసత్. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. డిసెంబర్‌లో లోక్‌సభ ఎన్నికలు. కాంగ్రెస్ టికెట్ మీద అస్లం సాహెబ్ మధ్యప్రదేశ్‌లోని బేతుల్ నుంచి నిలబడి గెలిచారు. సానుభూతి గాలి దేశమంతా వీచిన ఎన్నిక అది. మన దగ్గర మాత్రం ఎన్టీఆర్ గాలి వీచి తెలుగుదేశానికి 30 సీట్లొచ్చాయి, అనకాపల్లి కూడా వాళ్ళదే. పెనాల్టీ కార్నర్ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోండి. అస్లం సాహెబ్‌కు బంతిని నెట్టింది ఆ గాలి. ఆపి పెట్టింది పార్టీ. కొట్టింది ఆయన.

బేతుల్ అంటే సాత్‌పూరా కొండల ప్రాంతం. గోండులు, కోర్కూలు ఎక్కువ. ముసల్మానుల ఆబాదీ చాలా తక్కువ. అయినా ఆ సీటు హిసాబ్ చూడండి. 1980లో కాంగ్రెస్ నుంచి గుఫ్రాన్ ఆజం. 1984లో అస్లం షేర్ ఖాన్. 1989లో బీజేపీ నుంచి ఆరిఫ్ బేగ్. 1991లో మళ్ళీ అస్లం షేర్ ఖాన్. వరసగా నాలుగు ఎన్నికల్లో ముసల్మానులే గెలిచారు, అదీ రెండు వేర్వేరు పార్టీల నుంచి! అస్లంను ఓడించింది ఆరిఫ్ బేగ్, ఆరిఫ్ బేగ్‌ను ఓడించింది అస్లం. ఓటు వేసినవాళ్ళలో అత్యధికులు మాత్రం ముసల్మానులు కారు.

ఈ ఆరిఫ్ బేగ్ కూడా మామూలు మనిషి కాదు. 1977లో భోపాల్‌లో శంకర్ దయాళ్ శర్మను ఓడించారు. ఆ శర్మ గారే 1984లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు, ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయింది ఆయన హయాంలోనే. ఆ తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యారు. అంతటివాణ్ణి ఓడించిన మనిషి 1989లో అస్లం సాహెబ్‌నూ ఓడించారు. అంటే మెడల్ చూసి జనం ఒకసారి తలుపు తీస్తారు, రెండోసారి వెళితే "ఐదేళ్ళలో ఏం చేశావు మియా?" అని అడుగుతారు. అలా అడగడం వాళ్ళ హక్. 1991లో తలుపు మళ్ళీ తెరుచుకుంది. 1996లో ఆ సీటు మళ్ళీ బీజేపీకి వెళ్ళింది. 2009 నాటికి బేతుల్ ఎస్టీ రిజర్వుడ్ అయింది. ఆ ఏడాది అస్లం సాహెబ్ కాంగ్రెస్ తరఫున సాగర్‌లో నిలబడి ఓడిపోయారు.

ఇది ఆయన ఒక్కడి కథే కాదు. 1928 ఒలింపిక్స్ హాకీ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల హక్కుల కోసం గొంతెత్తారు. ఆయన పేరు ఇవాళ నిలిచింది ఆ ఖిద్మత్ వల్లే. మరో హాకీ కెప్టెన్ దిలీప్ తిర్కీ రాజ్యసభకు వెళ్ళినా, 2014లో సొంత గడ్డ సుందర్‌గఢ్‌లో లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. మన హైదరాబాదీ అజహరుద్దీన్ 2009లో ఎక్కడో మొరాదాబాద్‌లో గెలిచారు, 2023లో సొంత షహర్‌లోని జూబ్లీహిల్స్‌లో ఓడిపోయారు. షొహ్రత్ ఓట్లకు జమానత్ కాదు. అలాగే, మన ఆబాదీ తక్కువ కావడం ఓటమికి జమానత్ కాదు. రెండూ నిజమే.

ఇప్పుడు మన ఊరి తారీఖ్. అస్లం సాహెబ్ బేతుల్‌లో ఓడిన ఆ 1989 ఎన్నికల్లోనే అనకాపల్లి లోక్‌సభ సీటును కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ గెలిచారు. మెజారిటీ ఎంతో తెలుసా? 9 ఓట్లు. తొమ్మిది వేలు కాదు, తొమ్మిది వందలు కాదు, అక్షరాలా తొమ్మిది. లక్షల మంది ఓటర్లున్న నియోజకవర్గంలో! 1991లో ఆయన మళ్ళీ గెలిచారు, పీవీ ప్రధానిగా ఉన్న ఆ లోక్‌సభలో అస్లం సాహెబ్‌తో పాటు సభ్యుడిగా కూర్చున్నారు.

తొమ్మిది ఓట్లంటే మనలో ఒక ఉమ్మడి ఖాందాన్. దాదా, దాదీ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు బహూలు, పద్దెనిమిది నిండిన ముగ్గురు పిల్లలు. ఆ రోజు అలాంటి ఒక్క ఇల్లు "మన ఓటుతో ఏమవుతుందిలే" అని తలుపు వేసుకుని ఉంటే ఆ గెలుపు నిలిచేది కాదు. కాబట్టి "మన ఓట్లెన్ని?" అని లెక్క పెట్టేవాళ్ళు ముందు ఓటరు జాబితాలో మన ఇంటి పేర్లున్నాయో లేదో చూడాలి. కోడలి పేరు ఇంకా మాయికేలోనే ఉందా, గల్ఫ్ వెళ్ళిన బేటా పేరు తీసేశారా, ఇల్లు మారినవాళ్ళు కొత్త చిరునామా రాయించారా? ఇవన్నీ ఎలక్షన్ ముందు రోజు తేలే పనులు కావు.

ఇక నిలబడాలన్న తమన్నా ఉన్న నౌజవాన్లకు ఒక మాట. అస్లం షేర్ ఖాన్‌కు ఐదు నిమిషాలే దొరికాయి. కానీ ఆ ఐదు నిమిషాల వెనక భోపాల్ మైదానాల్లో ఏళ్ళ తరబడి మెహనత్ ఉంది. వార్డులో కుళాయి రాకపోతే మీ దగ్గరికి ఎవరైనా వస్తున్నారా? పక్క వీధి అప్పారావు గారి పింఛను ఆగిపోతే ఆయన వెంట మీరు ఆఫీసుకు వెళ్ళారా? ఇలాంటి పనులు చేస్తూ బెంచీ మీద సబర్‌తో కూర్చోండి. పిలుపు వచ్చిన రోజు బంతిని నెట్టడానికీ ఆపడానికీ మన కౌమ్ వాళ్ళే ఉండాలని లేదు. బేతుల్‌లో ఆ పని చేసింది గోండులు, కోర్కూలు, హిందూ సోదరులే.

అల్లాహ్ మనకు హిమ్మత్‌నూ, ఖిద్మత్ చేసే నియ్యత్‌నూ ప్రసాదించుగాక. ఆమీన్.