కూత పెట్టే యాంప్లిఫయరు

కూర్చో అబ్బయా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. బెంగుళూరు నుంచి నువ్వు మోసుకొచ్చిన దిగులు నాకేం కొత్త కాదు. సిమ్యులేషన్‌లో బుద్ధిగా ఉన్న యాంప్లిఫయరు, లేఅవుట్ గీశాక ఊగులాడుతోంది, అంతేగా?

మా చిన్నప్పుడు మైపాడులో శ్రీరామనవమి పందిరికి నెల్లూరు నుంచి వాల్వుల మైక్‌సెట్టు వచ్చేది. వాల్వులు ఎర్రబడేదాకా పిల్లలం చుట్టూ గొంతుక్కూర్చునే వాళ్లం. ఇళ్లలో రేడియో ఉండడమే గొప్ప. దానికి ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది. అది ఎగ్గొట్టడానికి రేడియోను వడ్ల గాదె వెనక దాచి, పాట మాత్రం వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా పెట్టే పెద్దమనుషులుండేవాళ్లు! సరే, మాట ఎటో పోతోంది.

పందిట్లోని ఆ మైక్‌సెట్టు ఒక్కోసారి కుయ్యిమని కూత అందుకునేది. మైకు స్పీకరుకు ఎదురుపడితే వచ్చే కూత వేరు, మైకు తిప్పితే పోతుంది. ఇది మైకు పీకేసినా ఆగేది కాదు. వాల్వు పోయిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. మెకానిక్ ఎవరికీ బదులివ్వకుండా వెదురుపుల్లతో లోపలి వైర్లను ఒక్కొక్కటే కదిపేవాడు. అవుట్‌పుట్ వైరును మొదటి వాల్వు గ్రిడ్డుకు దూరంగా నెట్టగానే కూత బంద్. కొత్త సామానేదీ వెయ్యలేదు, చూశావా? ఆ రెండు వైర్ల మధ్య ఎవరూ పెట్టని కెపాసిటరు ఒకటి కూర్చుని ఉండింది. నీ చిప్పులో ఉన్నదీ అదే.

అది కూత ఎలా పెట్టిస్తుందంటావా? అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌కు ఎదురు పెట్టే ఉపాయం 1927లో అమెరికాలో హెరాల్డ్ బ్లాక్‌కు తట్టింది. ఆ ఎదురు వేళకు రావాలి. ఆలస్యం అమృతం విషం అన్నారు కదా! ఉయ్యాల ఆపబోయి చెయ్యి ఆలస్యంగా వేస్తే ఇంకా ఊపినట్టే. వైరు కెపాసిటెన్స్ తెచ్చిన జాప్యంతో ఎదురు మరో 180 డిగ్రీలు వెనకబడి, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర లూప్ గెయిన్ ఇంకా ఒకటికి పైనే ఉంటే, ఇక కూతే.

1965లో బాబ్ విడ్లర్ చేసిన 709 అనే యాంప్లిఫయరు చిప్పుకు కూత రాకుండా బయట కెపాసిటర్లు మనమే కట్టాల్సి వచ్చేది. 1968లో డేవ్ ఫుల్లగర్ 741 చిప్పు లోపలే 30 పికోఫారడ్ కెపాసిటరు పెట్టేశాడు. 

నువ్వూ అట్లాంటి కెపాసిటరే పెంచుదామంటావు. తొందరపడకు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట, నీ యాంప్లిఫయరు వేగం అట్లానే పోతుంది. ముందు లేఅవుట్ నుంచి లెక్కగట్టే ఎక్స్‌ట్రాక్షన్‌లో ఏ నోడుకు కెపాసిటెన్స్ ఎక్కువ పట్టిందో వెతుకు. ఎక్కువ ఇంపెడెన్స్ ఉన్న నోడు వైరు కురచ చెయ్యి, దాని కింది వెడల్పు మెటల్ తీసెయ్యి, ఇన్‌పుట్‌నూ అవుట్‌పుట్‌నూ ఎడంగా జరుపు. అప్పటికీ చాలకపోతేనే ఆ కెపాసిటరు, అదే మిల్లర్ కెపాసిటరు, కాస్త పెంచి, దాని వరసలోని రెసిస్టరు సరిచెయ్యి. లూప్ గెయిన్ ఒకటైన చోట ఆ 180 డిగ్రీలకు ఇంకా మిగిలిన ఎడం, అంటే ఫేజ్ మార్జిన్, 60 డిగ్రీల దగ్గరికొస్తే నిశ్చింత. 45 కిందికి దిగితే మాత్రం ఒప్పుకోకు. బాగా వేడిలోనూ, చలిలోనూ మళ్లీ నడిపి చూసుకో. ఎంత వచ్చిందో ఫోన్ చేసి చెప్పు, నేను మేలుకునే ఉంటా.